అంచులే మిగిలిన అడవి

పొద్దున ఐదున్నరకు కేబీఆర్ పార్కు బయటి నడకబాట మీద ఒకావిడ పొడవాటి చీపురుతో ఆకులు ఊడుస్తూ కనిపిస్తుంది. మార్చి వచ్చిందంటే ఆమెకు పని రెండింతలు. లోపలి చెట్లు కంచె మీదుగా కొమ్మలు చాచి ఎండుటాకులన్నీ బాట మీదే కుమ్మరిస్తాయి. ఆమె వాటిని కుప్పలు చేసి, గోనెసంచుల్లోకి ఎత్తి, తోపుడుబండిలో వేస్తుంది. ఒకరోజు ఆగి అడిగాను.

"ఏడికి పోతయమ్మా ఈ ఆకులన్నీ?"

"చెత్తబండికి సారూ. ఇంకేడికి?"

"కంచె మీదికెళ్లి లోపలికే వెయ్యరాదా?"

ఆమె నవ్వింది. "అది ఆళ్ల జాగ, ఇది మా జాగ. లోపలేస్తే ఆళ్లు ఊకుంటరా?"

కంచెకు రెండడుగులు లోపల రాలిన ఆకు ఏడాది తిరిగేసరికి మట్టి అవుతుంది. రెండడుగులు బయట రాలితే ఊరి చివర చెత్తగుట్ట చేరుతుంది. హైదరాబాద్ నడిమధ్యన మిగిలిన ఈ చిన్న అడవి గురించి ముప్పై ఏళ్లుగా సాగుతున్న వాదనలన్నీ ఆ నాలుగడుగుల జాగాలోనే తిరుగుతున్నాయనిపిస్తుంది నాకు. వివాదం వచ్చిన ప్రతిసారీ పత్రికలు అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని చెట్లు కొడతారు? అధికారులు ఒక అంకె చెబుతారు, ఉద్యమకారులు ఇంకో అంకె చెబుతారు, న్యాయస్థానం మూడోది అడుగుతుంది. చెట్ల లెక్క అవసరమే. కానీ ఇంత చిన్న అడవి బతుకును తేల్చేది అంచు లెక్క. ఆ లెక్కతో ఈ అడవి చరిత్రను, చట్టాన్ని, చుట్టూ ఉన్న రోడ్లను, లోపలి అలవాట్లను మళ్లీ ఒకసారి చూడటం ఈ వ్యాసం పని.

ప్యాలెస్ పెరడు అడవైన తీరు

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం అని పూర్తి పేరు. 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా ఉన్న నాయకుడి పేరది. నగరవాసుల నోట మాత్రం కేబీఆరే. అంతకుముందు దీన్ని చిరాన్ ప్యాలెస్ అనేవారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రం జా నివాస ప్రాంగణం ఇది. లోపలికి వెళ్తే ఆ జ్ఞాపకాలు ఇంకా కనిపిస్తాయి. గోల్ బంగ్లా, మోర్ బంగ్లా, కార్లు నిలిపిన మోటర్‌ఖానా, గుర్రాల కొట్టాలు, పాత బావులు ఉన్నాయి. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి అక్కడ గొర్రెల క్షేత్రం నడుపుకుంటున్న ఏళ్లలో ఇక్కడి తుప్పలు తమ దారిన తాము పెరిగాయి.

అదే కాలంలో చుట్టూ నగరం ఎదిగింది. 1963లో మొదలైన జూబ్లీహిల్స్ గృహనిర్మాణ సహకార సంఘం, దాని పక్కన బంజారాహిల్స్ రాళ్లగుట్టలను ప్లాట్లుగా చదును చేస్తూ వచ్చాయి. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం వచ్చాక ఈ ప్రాంగణం మీద ప్రభుత్వానికీ ప్యాలెస్ వారికీ చాలాకాలం వ్యవహారం నడిచింది. చివరికి 1994లో దీన్ని జాతీయ ఉద్యానం చేస్తున్నట్టు తొలి ప్రకటన, 1998లో తుది ప్రకటన వెలువడ్డాయి.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ చోటు అడవిగా మిగిలింది ఎవరో అడవిని కాపాడాలనుకున్నందువల్ల కాదు. గోడ ఉన్నందువల్ల, గోడ లోపల వ్యాజ్యం ఉన్నందువల్ల. మన నగరాల్లో పచ్చగా మిగిలిన చోట్లలో చాలావాటి కథ ఇంతే. సైనికుల జాగా, విశ్వవిద్యాలయం జాగా, నవాబు వేటమైదానం, కోర్టులో నలుగుతున్న జాగా. తగాదా తీరిన రోజున అసలు పరీక్ష మొదలవుతుంది.

తుప్పల లోపల

జాతీయ ఉద్యానాల జాబితాలో కేబీఆర్ విస్తీర్ణం 1.43 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెబితే మూడు వందల యాభై దాటుతుంది. దేశంలోని అతి చిన్న జాతీయ ఉద్యానాల్లో ఇదొకటి. పరిచయం ఏది చదివినా మూడు అంకెలు కనిపిస్తాయి: దాదాపు 600 రకాల మొక్కలు, 140 రకాల పక్షులు, 30 రకాల సీతాకోకచిలుకలు.

అడవి అనగానే కళ్ల ముందు నిలిచే ఆకాశాన్నంటే చెట్లు ఇక్కడ లేవు. ఇది దక్కన్ పీఠభూమి తుప్పల అడవి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు, వాటి సందుల్లో పలచటి మట్టి, ఆ మట్టిలో చండ్ర, తుమ్మ, మోదుగ, రేల, వేప, కానుగ, సీతాఫలం. ఏప్రిల్‌లో చూస్తే చచ్చిపోయిందేమో అనిపించే బూడిదరంగు. తొలకరి పడిన పదో రోజున అదే చోటు గుర్తుపట్టలేనంత ఆకుపచ్చ. ఈ రెండు ముఖాలూ తెలిసినవారికే తుప్పల అడవి విలువ తెలుస్తుంది. తెలియనివారు ఎండాకాలంలో చూసి బంజరు అంటారు.

రాత్రులు తిరిగేవాటిలో పునుగుపిల్లి, ముళ్లపంది ఉన్నాయి. అలుగు కూడా ఈ పార్కు జాబితాలో ఉంది. పగలు కంటపడేవి ఉడుము, కుందేలు, కౌజుపిట్టలు, అన్నిటికంటే ఎక్కువగా నెమళ్లు. సందర్శకులకు నెమలి కనిపిస్తే అడవి బాగున్నట్టే లెక్క. ఈ నమ్మకాన్ని కాస్త పక్కన పెట్టాలి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం, దేశమంతటా నెమళ్ల సంఖ్య బాగా పెరుగుతోంది. పొలాలు, తోటలు, ఊళ్లు, ఎక్కడైనా సర్దుకుపోగల పక్షి అది. అదే నివేదిక, తగ్గిపోతున్నందువల్ల అంతర్జాతీయ స్థాయిలో మళ్లీ అంచనా వేయాల్సిన పక్షుల్లో పాలపిట్టను చేర్చింది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మిచెట్టుకు దండం పెట్టాక చూసి తీరాలని జనం ఊరి పొలిమేర దాకా వెళ్లి వెతికే పక్షి. దానికి కావాల్సింది దట్టమైన అడవి కాదు, తుప్పలూ గడ్డీ కలిసిన తెరిపి నేల. మనం బంజరు అని పేరు పెట్టి చదును చేస్తున్నది సరిగ్గా ఆ నేలనే.

జాబితా అంకెలతో ఇంకో చిక్కు ఉంది. 140 పక్షులు అన్నది ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ కనిపించిన పక్షుల పేర్ల పట్టిక. ఏది పెరుగుతోంది, ఏది తరుగుతోంది అన్నది పట్టిక చెప్పదు. ఒక పక్షి పదేళ్ల కిందటే వెళ్లిపోయినా జాబితాలో దాని పేరు హాయిగా బతుకుతుంది.

అంచు లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బయటి నడకబాట పార్కు చుట్టూ సుమారు ఐదున్నర, ఆరు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు చప్పుడు, వీధిదీపాల వెలుగు, దుమ్ము, వేడిగాలి, వీధికుక్కలు కంచె దాటి లోపలికి వంద మీటర్లు వెళ్తాయనుకుందాం. ఆ వంద మీటర్ల పట్టీయే పార్కు మొత్తంలో మూడో వంతు దాటుతుంది. రెండు వందల మీటర్లు వెళ్తాయనుకుంటే మూడింట రెండొంతులు అంచు కిందికే పోతాయి. నల్లమల లాంటి అడవిలో రెండు వందల మీటర్ల అంచు లెక్కలోకి రాదు. ఇక్కడ అదే సింహభాగం.

దీన్ని జీవశాస్త్రవేత్తలు అంచు ప్రభావం అంటారు. లోపలి అడవి చల్లగా, చీకటిగా, తేమగా ఉంటుంది. అంచు ఎండకూ గాలికీ తెరిచి ఉంటుంది. లోపల బతికేవి కొన్ని అంచున బతకలేవు. అంచున బతికేవి మాత్రం ఎక్కడైనా బతుకుతాయి: కాకి, పావురం, గోరింక, నెమలి, వయ్యారిభామ కలుపు. అంచు పెరిగేకొద్దీ అడవి జనాభా నగరం జనాభాలా మారుతుంది. చెట్లు అన్నీ ఉంటాయి, పచ్చదనం తగ్గదు, ఉపగ్రహ చిత్రంలో ఏ మార్పూ కనిపించదు. రాత్రి పురుగు ఒకటి దీపం చుట్టూ తిరిగి తిరిగి చచ్చిపోతుంది. ఆ పురుగును తినే గబ్బిలానికి మేత తరుగుతుంది. ఆ పురుగు వల్ల పరాగసంపర్కం జరగాల్సిన పువ్వు రాలిపోతుంది. చెట్ల లెక్కలో ఇదేదీ పడదు.

రెండో సంగతి ఒంటరితనం. రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో దీవుల జీవావరణం మీద ఒక సిద్ధాంతం చెప్పారు. దీవి ఎంత చిన్నదైతే, తీరానికి ఎంత దూరమైతే అక్కడ అన్ని తక్కువ జాతులు నిలుస్తాయి. తర్వాతి కాలంలో దాన్ని పొలాల మధ్య, నగరాల మధ్య మిగిలిన అడవి తునకలకూ వర్తింపజేశారు. కేబీఆర్ ఒక దీవి, చుట్టూ ఉన్నది తారు సముద్రం. పక్షులు ఎగిరి దాటగలవు. ముళ్లపంది దాటలేదు. లోపలున్నవి లోపలున్న వాటితోనే జతకట్టాలి. వందేళ్ల మాట ఆలోచిస్తే దీనికి మించిన ఒత్తిడి లేదు, కానీ దీని మీద ఏ ఊరేగింపూ జరగదు.

పది కిలోమీటర్ల నుంచి మూడు మీటర్లకు

కంచె లోపల చట్టం గట్టిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జాతీయ ఉద్యానం అంటే అత్యున్నత రక్షణ. పశువులను మేపడానికి లేదు, కట్టె కొట్టడానికి లేదు, హద్దులు మార్చాలన్నా జాతీయ వన్యప్రాణి మండలి దాకా వెళ్లాలి. కేబీఆర్ ఇప్పటికీ ప్లాట్లుగా మారలేదంటే ఆ చట్టం చలవే. ఈ మేలును తక్కువ చేయకూడదు.

కంచె బయటే కథ పలచబడుతూ వచ్చింది. 2002 నాటి జాతీయ వన్యప్రాణి వ్యూహం, అభయారణ్యాలకూ జాతీయ ఉద్యానాలకూ చుట్టూ పది కిలోమీటర్ల మేర పర్యావరణ సున్నిత మండలం ఉండాలని సూచించింది. జనావాసాల మధ్య ఆ కొలత కుదరదన్న అభ్యంతరాలు వచ్చాయి, నిజమే కుదరదు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో చోటుకు తగ్గట్టు హద్దు నిర్ణయించుకోవచ్చని చెప్పింది. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు కనీసం ఒక కిలోమీటరు ఉండాలని తీర్పునిచ్చి, 2023 ఏప్రిల్ 26న దాన్ని సడలించింది. అప్పటికే నోటిఫికేషన్ వెలువడిన చోట్లకు ఆ కిలోమీటరు నియమం వర్తించదంది. కేబీఆర్‌కు నోటిఫై అయిన సున్నిత మండలం ఎంతంటే, తక్కువలో తక్కువ 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు.

మూడు మీటర్లంటే ఒక కారును అడ్డంగా నిలిపినంత కూడా లేదు. చాలాచోట్ల ఆ మండలం నడకబాట దగ్గరే అయిపోతుంది. పోల్చుకోవడానికి ఇంకో నియమం చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50 డెసిబెళ్లు, రాత్రి 40 దాటకూడదు. పార్కు పక్కనే పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రోడ్డుకు ఒక పక్క రోగికి కాగితం మీదైనా వంద మీటర్ల నిశ్శబ్దం దక్కింది. ఇంకో పక్క అలుగుకు దక్కింది అందులో చిటికెడు.

సున్నిత మండలం చిన్నదైతే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఇది: ఆ గీత బయట జరిగే దేన్నైనా అడవి కోణంలోంచి పరిశీలించాల్సిన బాధ్యత చట్టరీత్యా దాదాపు ఎవరికీ లేకుండా పోతుంది. ఇరవై అంతస్తుల భవనం రావచ్చు, రాత్రంతా వెలిగే ప్రకటనల తెర రావచ్చు, నాలుగు వరుసల వంతెన రావచ్చు. ఒక్కోటి విడిగా చూస్తే చిన్న విషయమే. అన్నీ కలిపి చూసే కళ్లే లేవు.

ఆరు కూడళ్లు

రోడ్ల కథ 2016లో వేడెక్కింది. వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకంలో భాగంగా పార్కు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. మూడు వేలకు పైగా చెట్లు పోతాయని వార్తలొచ్చాయి. నడకకు వచ్చేవాళ్లు చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ ధర్మాసనం చెట్ల నరికివేతను ఆపింది. పథకం ఈ చుట్టుపక్కల అలా నిలిచిపోయింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన, దానికి కలుస్తూ రోడ్ నంబర్ 45 మీద ఫ్లైఓవర్ మాత్రం వచ్చాయి.

ప్రభుత్వం మారాక ఆలోచన మళ్లీ మొలకెత్తింది. 2024లో ఆరు కూడళ్ల దగ్గర ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు కట్టే ప్రణాళికకు అనుమతి లభించింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, కేబీఆర్ ప్రవేశద్వారం, రోడ్ నంబర్ 45, ఫిల్మ్‌నగర్, మహారాజా అగ్రసేన్, క్యాన్సర్ ఆసుపత్రి కూడళ్లవి. తొలి అంచనా వ్యయం 826 కోట్ల రూపాయలు. పార్కు చుట్టూ ఒక హారంలా గుచ్చినట్టుంటుంది ఈ పటం. వ్యాజ్యాలు, నిరసనలు మళ్లీ మొదలయ్యాయి.

రోడ్డు కావాలనేవారి మాట వినకుండా తీర్పు చెప్పడం సరికాదు. సాయంత్రం ఆరింటికి చెక్‌పోస్టు దగ్గర నిలబడితే వాళ్ల బాధేమిటో తెలుస్తుంది. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చే ఉద్యోగులు, ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సు, బడిపిల్లల బస్సు ఒకే ఇరుకులో ఇరుక్కుంటాయి. ఆగి ఆగి కదిలే బండి అంతే దూరానికి సాఫీగా వెళ్లే బండికంటే ఎక్కువ పొగ వదులుతుంది, అదీ అడవిలోకే పోతుంది. వంతెన వేస్తే బండ్లు ఆగవు కాబట్టి పొగ తగ్గుతుందన్న వాదన ఉత్తిది కాదు.

కాని రెండు ప్రశ్నలకు జవాబు రావాలి. ఒకటి, చిక్కు విడిపోతుందా, పక్క కూడలికి జరుగుతుందా? తీగల వంతెన దిగి వచ్చే వాహనాలు ఎక్కడ ఆగుతాయో రోజూ ఆ దారిన వెళ్లేవారిని అడిగితే చెబుతారు. దారి వెడల్పైన కొద్దీ కొత్త బండ్లు పుట్టుకొస్తాయన్నది ప్రపంచమంతటా నగరాలు నేర్చుకున్న పాఠం. 2019 నుంచి మెట్రో రైలు ఇదే చెక్‌పోస్టు మీదుగా వెళ్తోంది. స్టేషన్ నుంచి చివరి రెండు కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా వెళ్లే ఏర్పాటుకు వంతెన ఖర్చులో ఎన్నో వంతు చాలో ఎవరైనా లెక్క కట్టాలి.

రెండోది అడవి వైపు ప్రశ్న. వంతెన నేల మీద తక్కువ జాగా తీసుకోవచ్చు. కానీ చప్పుడునూ వెలుగునూ చెట్ల తలల ఎత్తుకు తీసుకెళ్తుంది. ఇన్నాళ్లూ గోడ, పొదలు కొంతైనా అడ్డుకున్న హారన్ మోత ఇరవై అడుగుల పైనుంచి నేరుగా లోపలికి దిగుతుంది. అండర్‌పాసు కోసం గ్రానైటును తొలిస్తే, రాతి పగుళ్ల వెంట పారే భూగర్భజలం దారి మారవచ్చు. ఒక్క చెట్టు కొట్టకుండా కట్టినా ఈ మార్పులు తప్పవు. చెట్ల లెక్కతో మొదలైన వాదన ఇక్కడ మూగబోతుంది.

లోపలి ఒత్తిళ్లు

అంతా బయటివాళ్ల తప్పే అనుకుంటే మనసుకు హాయి. లోపలికి వెళ్లే మనలోనూ లోపం ఉంది. తెల్లవారుజామున గేటు తెరవగానే నడకకు బారులు తీరేవాళ్లే ఈ అడవికి పెద్ద అండ. 2016లో రోడ్డెక్కిందీ వాళ్లే. కానీ ఆ వేళే పక్షులకూ ముఖ్యం. గుంపులుగా గట్టిగా మాట్లాడుకుంటూ, ఫోన్లో భక్తిగీతాలో షేర్ మార్కెట్ ముచ్చట్లో అందరికీ వినిపిస్తూ నడిచేవాళ్లను రోజూ చూస్తాం. ఒకాయన జేబులోంచి గింజలు తీసి నెమళ్లకు చల్లడం నేనే చూశాను. పుణ్యం అనుకుంటారు పాపం. మనిషి చేతి తిండికి అలవాటైన పక్షి గేటు దగ్గరే తిరుగుతుంది, కుక్క వాతా పడుతుంది.

నడకబాటలు, బెంచీలు, సూచికలు, తోటమొక్కలు, యోగా కోసం చదును చేసిన జాగా. ఏది అడిగినా చిన్న కోరికే. అన్నీ తీర్చుకుంటూ పోతే మిగిలేది తోట. పార్కు అన్న మాటే కొంత మోసం చేస్తోంది. జాతీయ ఉద్యానం అనే చట్టపరమైన మాటకూ, సాయంత్రం పిల్లలు జారుడుబల్ల ఎక్కే మున్సిపల్ పార్కుకూ తేడా జనం నోట్లో చెరిగిపోయింది.

ఇక కలుపు. వయ్యారిభామ, లాంటానా అనే పులికంప, సర్కారు తుమ్మ మన తుప్పల అడవులను ఎక్కడికక్కడ ఆక్రమిస్తున్నాయి. అంచున ఎండ తగిలే చోట ఇవి ముందు దిగుతాయి, తర్వాత బాటల వెంట లోపలికి నడుస్తాయి. ఇవి పరాయి దేశాల నుంచి వచ్చాయని తిట్టుకుంటాం. పేరులో సీతమ్మను మోస్తున్న సీతాఫలం పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్నది కాదు, వచ్చాక ఇరుగుపొరుగును బతకనిస్తున్నారా అన్నది చూడాలి. సీతాఫలం కాయ కాస్తే పక్షులూ జంతువులూ తింటాయి. పులికంప పొద కింద గడ్డిపోచ మొలవదు. దీన్ని జేసీబీతో పీకితే తిరగేసిన మట్టిలో వయ్యారిభామ మొలుస్తుంది. చేత్తో, ఏటా, ఓపిగ్గా చేయాల్సిన పని అది.

ఇరుగుపొరుగు

కేబీఆర్ ఒక్కటే అయితే ఈ దీవికి ఆశ తక్కువ. హైదరాబాద్ చుట్టూ మరికొన్ని తునకలున్నాయి. వనస్థలిపురం దగ్గర, మహావీరుడి 2,500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో ఏర్పడిన హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్లు. ఒకనాటి నిజాం వేటమైదానంలో ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతున్నాయి. దాని పక్కనే విజయవాడ హైవే. చిలుకూరు దారిలో మృగవని 3.6 చదరపు కిలోమీటర్లు. చెన్నైలోని గిండీ జాతీయ ఉద్యానం సుమారు 2.7 చదరపు కిలోమీటర్లే. కాని దానికి ఒక అదృష్టం ఉంది. దానికి ఆనుకుని రాజ్‌భవన్, ఐఐటీ ప్రాంగణాల చెట్లున్నాయి. కాబట్టి కంచె దాటినా జింకకు నీడ దొరుకుతుంది. గిండీకి అంచు మెత్తన, కేబీఆర్‌కు అంచు కత్తిమొన.

ఈ తునకల మధ్య మెట్ల రాళ్లలా పనిచేసేవి చెరువుగట్లు, గుండ్ల గుట్టలు, విశ్వవిద్యాలయాల ఆవరణలు. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగింది అలాంటి మెట్టు మీదనే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న 400 ఎకరాల ఆ భూమి చట్టప్రకారం ఎవరిదన్న దానిమీద పాత వ్యాజ్యం ఉంది, 2024లో అది రాష్ట్ర ప్రభుత్వం పక్షాన తేలింది. నేల ఎవరిదో తేలింది కాని నేల మీద ఉన్నదేమిటో తేలలేదు. ప్రభుత్వం అడవి కాదంది, విద్యార్థులు అడవే అన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించేసరికి సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయింది.

ఆ ఊరి పేరులోనే జవాబుంది. తెలంగాణలో కంచ అంటే పశువుల మేతకు విడిచిన గడ్డీ తుప్పల నేల. సాగు చేయకుండా ఊరందరి కోసం అట్టిపెట్టిన జాగా. ఈ పదం తెలిసిన తాతలకు అది బంజరు కాదు. మనకు మాత్రం రెవెన్యూ కాగితంలో అడవి అని రాసి ఉంటేనే అడవి.

ఉపగ్రహపు లెక్కలూ ఇక్కడ దారి తప్పిస్తాయి. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం పదేళ్లలో 33.15 నుంచి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. చదవగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఆ లెక్కలో ఒక హెక్టారుకు పైబడి పది శాతం చెట్ల నీడ ఉంటే అది అడవే. అది ఎవరి భూమైనా, ఏ జాతి చెట్టైనా సరే. మామిడితోట కూడా అందులోకి వచ్చేస్తుంది. పాలపిట్ట తిరిగే తుప్పలనేల, నీడ పలచగా ఉందని తుప్ప కిందికి వెళ్లిపోతుంది. అంకె పెరుగుతూ, పిట్ట తరుగుతూ ఉండటం సాధ్యమే.

కంచె రెండు వైపులా

కంచె చేను మేస్తే ఇక చేనుకు దిక్కెవరని సామెత. కేబీఆర్ కంచె చేను మేయలేదు, నిజానికి కాపాడింది. కాని కంచె దగ్గరే పని అయిపోయిందని మనం అనుకున్నాం. కంచె ఇక మీద సరిపోదు.

ఇక్కడ పెద్ద ఖర్చు లేని పనులే ఎక్కువ. చుట్టూ ఉన్న వీధిదీపాలకు కింది వైపే వెలుగు పడేలా మూతలు పెట్టవచ్చు. పార్కు చుట్టూ రాత్రిపూట హారన్ వద్దనే నియమం పెట్టి అమలు చేయవచ్చు. నడకబాట పక్కన తోటమొక్కల బదులు ఈ నేల పొదలనే నాటితే అంచు కొన్ని మీటర్లు బయటికి జరుగుతుంది. పక్షులనూ చిమ్మెటలనూ ప్రతి ఏడాదీ ఒకే రోజుల్లో, ఒకే పద్ధతిలో లెక్కిస్తే ఐదేళ్లలో పట్టిక పేర్లు వల్లించడం మాని నిజం చెప్పడం మొదలుపెడుతుంది. నగరంలో పక్షులను చూసేవారికి కొదవ లేదు, వాళ్లను పిలిస్తే చాలు. కలుపు తీత ఏటా సాగాలి. రాలిన ఆకు వచ్చినచోటికే పోవాలి.

పెద్ద పని ఒకటుంది. పార్కు చుట్టూ ఏ వంతెన, ఏ సొరంగం, ఏ ఎత్తైన భవనం తలపెట్టినా విడివిడిగా కాక అన్నీ కలిపి అడవి మీద పడే భారాన్ని ముందే అంచనా కట్టాలి. ఆ అంచనా కట్టేవారు రోడ్డు కట్టేవారే కాకూడదు. అంచనా చూసి కూడా నగరం వంతెనే కావాలనుకోవచ్చు. అప్పుడది తెలిసి చేసిన ఎంపిక అవుతుంది. ఇప్పుడు జరుగుతున్నది తెలియకుండా తరగడం.

అటవీశాఖ లోపల, నగరపాలక సంస్థ బయట, రోడ్లవాళ్లు పైన. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు లేనంతకాలం అంచు ఎవరిదీ కాదు.

మొన్న జూన్‌లో, నాలుగు వానలు పడ్డాక అదే బాట మీద నడుస్తున్నాను. ఒక మలుపు దగ్గర, కంచె దిమ్మెకూ మురుగుకాల్వకూ మధ్య చిన్న సందు ఉంది. చీపురు అక్కడికి అందదు. ఏళ్ల తరబడి ఆకు పడి, కుళ్లి, జానెడు మందాన నల్లటి మట్టి అయింది. వేపమొలకలు పది పదిహేను లేచి ఉన్నాయి. ఓ కానుగ కూడా. ఒక కౌజుపిట్ట ఎక్కణ్ణుంచి దూరిందో, కాళ్లతో మట్టి గీరుకుంటోంది. నేను ఆగేసరికి కంచె కిందనుంచి లోపలికి జారుకుంది.

వెనకాలే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చింది. ఈ సందు ఎవరి జాగా అని అడిగాను. వంగి చూసింది.

"ఏమో సారూ, ఎవ్వరూ చెప్పలె," అని చీపురు భుజాన వేసుకుని ముందుకు పోయింది.

అడుగులతో కొలిచాను. మూడడుగులు.